బొగ్గు పడవల గట్టు మీద ఐదు రోజులు

లాకులంటే ఏమిటో గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు ఒక్క మాట: కాలవ మట్టం మారేచోట నీళ్లు నింపో, వదిలో పడవను ఎత్తి దించే తలుపుల గది. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లోనే (1847-52) అమెరికా తూర్పున పొటోమాక్ నది పక్కన ఇంకో కాలవ పని పూర్తయింది. 1828లో తవ్వడం మొదలుపెట్టి 1850కి కంబర్లాండ్ దాకా తెచ్చిన చెసపీక్ అండ్ ఒహాయో కాలవ అది. అక్కడివాళ్లు పొట్టిగా సీ అండ్ ఓ అంటారు. మన కాలవల మీద మనుషులు గట్టున నడుస్తూ పడవల్ని తాడుతో లాగేవాళ్లు. అక్కడ బొగ్గు పడవల్ని లాగే పని కంచర గాడిదలది. అవి నడిచిన గట్టే ఇప్పుడు సైకిల్ దారి. కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ వరకు 184.5 మైళ్లు, అంటే 297 కిలోమీటర్లు. అక్కడక్కడ రోడ్డు అడ్డం వచ్చినచోట తప్ప కారు మొహం చూడక్కర్లేదు.

1924 వరదతో పడవలు ఆగిపోయాయి. 1938లో ప్రభుత్వం కాలవను కొనేసింది. ఆ తర్వాత దాని వెంబడే కార్ల రోడ్డు వేద్దామన్న ఆలోచన వస్తే, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో కాలవ పొడవునా నడిచి అడ్డుపడ్డాడు. 1971లో ఇది జాతీయ చారిత్రక పార్కు అయింది. గట్టు మీద ఈ రోజుకీ కార్లు లేవంటే ఆ నడక చలవే.

ఎగువ కంబర్లాండ్ నుంచి దిగువకు మొత్తం వాలు 605 అడుగులు. ఆ దిగుడంతా 74 లాకుల దగ్గరే, ఒక్కోచోట సుమారు ఎనిమిదేసి అడుగులు. మిగతాదంతా బల్లపరుపు. ఈ మాట వినే చాలామంది మోసపోతారు. 'ఎత్తు లేదు కదా, రోజుకి అరవై మైళ్లు లాగేద్దాం' అని లెక్క వేసుకుంటారు. ఇక్కడ కాళ్లను ఆపేది ఎత్తు కాదు, మట్టి. ఈమధ్య రాతిపొడి పరిచిన చోట గంటకు పది మైళ్లు హాయిగా సాగుతుంది. పాత మట్టిబాట మీద, అంటే రెండు చక్రాల జాడలు, మధ్యలో గడ్డి, అడ్డంగా వేళ్లు ఉన్నచోట, ఎనిమిది. వాన పడిన మర్నాడు ఆరు దాటదు. రోజుకు నలభై మైళ్లకు అటూ ఇటూగా పెట్టుకుంటేనే లాకులూ వంతెనలూ చూసే తీరిక ఉంటుంది. పార్కు వేగ పరిమితి గంటకు 15 మైళ్లు. సామాను బండితో దాన్ని మీరే కోరుకున్నా అందుకోలేరు.

బండి సంగతి

రోడ్డు రేసు సైకిల్ వద్దు. హైబ్రిడ్, గ్రావెల్, పాత మౌంటెన్ బైక్ ఏదైనా సరే, టైరు వెడల్పు కనీసం 38 మిల్లీమీటర్లు ఉండాలి. 42 నుంచి 50 అయితే ఇంకా మేలు. గాలి బిగించి నింపకండి. టైరు అంచు మీద రాసిన కనిష్ఠానికి కొంచెం పైన ఉంటే వేళ్ల మీద కుదుపు సగం తగ్గుతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము కొట్టుకుని ట్యూబుకు పాముకాటులా రెండు చిల్లులు పక్కపక్కనే పడతాయి.

మడ్‌గార్డులు ఉండాలి, కానీ టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. ఇక్కడి బురద జిగురు బంకమన్ను. ఇరుకు సందులో ఆకులతో కలిసి కుదురుకుని చక్రాన్ని పట్టేస్తుంది. అప్పుడు పుల్ల పెట్టి గీక్కోవడం తప్ప దారి లేదు. రిమ్ము బ్రేకులున్న బండికి ఆ బురదే ఆకురాయి, రెండు రోజుల వానలో రబ్బరు దిమ్మలు అరిగిపోతాయి. ఒక జత అదనంగా సంచీలో వేసుకోండి.

మిగతా సరంజామా: ట్యూబులు రెండు, ప్యాచ్ డబ్బా, టైరు లివర్లు, పంపు, 4, 5, 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు, చైను విప్పే పనిముట్టు, చైనుకు ఒక క్విక్ లింకు, చిన్న సీసా చైను నూనె, గుడ్డ పీలిక, ప్లాస్టిక్ జిప్ టైలు పది. వెనక క్యారియర్ మీద బరువు 12 కిలోలు దాటనీయకండి. దాటితే ముందుగా తెగేది వెనక చక్రంలో గేర్ల వైపు ఊచలే. ఐదు రోజుల కుదుపులకు క్యారియర్ బోల్టులు వదులవుతాయి కాబట్టి రోజూ సాయంత్రం గుడారం వేయకముందే వాటిని బిగించే అలవాటు చేసుకోవాలి. గంట తప్పనిసరి, అది నిబంధన కూడా. ముందు లైటు లేకుండా మొదటి రోజు సొరంగం దాటలేరు.

నీళ్లు, పడక, తిండి

గట్టు పొడవునా నడిచేవాళ్లకూ సైకిల్ వాళ్లకూ పార్కు పెట్టిన ఉచిత మకాములు దాదాపు ముప్పై ఉన్నాయి. ఎక్కువ చోట్ల ఐదు నుంచి ఏడు మైళ్లకొకటి. ఒక్కోదానిలో బల్ల, పొయ్యి, మరుగుదొడ్డి, చేతి పంపు ఉంటాయి. ముందుగా బుక్ చేసుకునే పద్ధతి లేదు, వచ్చినవాళ్లదే చోటు. ఒకచోట ఒక్క రాత్రే. చెత్తబుట్టలు ఉండవు, మీ చెత్త మీతోనే మోసుకెళ్లాలి.

పంపు నీళ్లలో అయోడిన్ కలుపుతారు. రుచి మందు వాసనగా ఉంటుంది, నిమ్మరసం పొడి కలిపితే దిగుతుంది. పంపుకి పిడి లేకపోతే ఎవరో ఎత్తుకుపోయారనుకోకండి. నీటి పరీక్షలో తప్పితే పార్కువాళ్లే పిడి తీసేస్తారు. నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా అన్ని పంపులూ మూతే. కాబట్టి మనిషికి రెండు లీటర్ల సీసాలు, పైన ఇంకో రెండు లీటర్లు పట్టే మడత సంచి ఉండాలి. పిడి లేని పంపు ఒకటి ఎదురైతే తర్వాతిది ఆరు మైళ్ల అవతల ఉంటుంది, అక్కడా అదే గతి పడితే పన్నెండు. వేసవిలో సామానుతో అది రెండు గంటల దాహం.

గ్యాస్ స్టవ్వు డబ్బా రైల్లో తేనివ్వరు. కంబర్లాండ్‌లో దిగాక దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకుండా, వేడినీళ్ల అవసరం లేని తిండి రెండు రోజులకు సరిపడా ఉంచుకోవడం తెలివి. శాకాహారులకు దారిలో హోటళ్లలో దొరికేవి చీజ్ శాండ్‌విచ్, వేపుడు బంగాళాదుంప, మహా అయితే పిజ్జా. మొదటి రోజుకు చింతపండు పులిహోర, ఆ తర్వాతకు మెత్తని అటుకులు, వేరుశెనగ పొడి, రొట్టెలు, ఖర్జూరం, ఊరగాయ ఉంటే గట్టెక్కొచ్చు. రాత్రి తిండి సంచిని చెట్టుకొమ్మకు వేలాడదీయండి. రకూన్లనే చిన్న అడవి జంతువులు జిప్పులు తీయడంలో ఆరితేరినవి.

ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు మంచి కాలాలు. జూలై, ఆగస్టుల్లో ఉక్క, దోమలు. ఏ కాలమైనా పొడుగు గడ్డిలో నడిచాక గోమార్లలాంటి టిక్కుల కోసం మోకాళ్ల వెనక, చంకల్లో వెతుక్కోవాలి. మూడేసి ఆకుల గుత్తులతో గట్టు వారన పాకే పాయిజన్ ఐవీ తీగను ముట్టుకోకూడదు, తగిలితే వారం పదిరోజులు దురద.

రైలు

దిగువ నుంచి ఎగువకు తొక్కి, వెనక్కి రైల్లో రావొచ్చు. కానీ రైలు ముందు, సైకిల్ తర్వాత అన్న వరసే నయం. చివరి రోజు బురదలో ఇరుక్కుని రైలు తప్పిపోతుందన్న బెంగ ఉండదు. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్ నుంచి కంబర్లాండ్‌కు ఆమ్‌ట్రాక్ (అమెరికా జాతీయ రైలు సంస్థ) రైలుంది. పాత క్యాపిటల్ లిమిటెడ్ 2024 నవంబరు నుంచి ఫ్లోరిడియన్ అన్న పేరుతో నడుస్తోంది. ప్రయాణం సుమారు మూడు గంటలు. సైకిల్‌ను పెట్టెలో సర్దక్కర్లేదు, సామాను బోగీలో కొక్కేనికి తగిలిస్తారు. అయితే ఆ కొక్కేలు కొన్నే. మనిషి టిక్కెట్టుతో పాటే సైకిల్ టిక్కెట్టూ తీసుకోవాలి, లేకపోతే మీరు ఎక్కుతారు, బండి ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. ఎక్కించే ముందు సంచులన్నీ విప్పేయాలి. రైలు ఆలస్యం మామూలే కనుక ఆ రాత్రి కంబర్లాండ్‌లోనే గది తీసుకుని పొద్దున్నే బయల్దేరండి.

మొదటి రోజు: కంబర్లాండ్ నుంచి లిటిల్ ఓర్లియన్స్, 43.6 మైళ్లు

స్టేషన్ పక్కనే కాలవ మొదలు. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చే 150 మైళ్ల గ్రేట్ అలెఘెనీ పాసేజ్ బాట కూడా ఇక్కడే వచ్చి కలుస్తుంది. మైలురాళ్లు జార్జ్‌టౌన్ సున్నాగా వేసినవి. కాబట్టి అంకె తగ్గుతూ పోతుంది, మిగిలిన దూరం ఎంతో రాయే చెబుతుంది.

మొదటి తొమ్మిది మైళ్లలో లాకే లేదు. 175.6 దగ్గర మొదటిది వస్తుంది, దాని అంకె 75. అంకె 75, లాకులు 74. ఆ తేడా ఏమిటో సాయంత్రానికి తెలుస్తుంది. ఊళ్లు చిన్నవి, దుకాణాలు తెరిచి ఉంటాయో లేదో చెప్పలేం. నీళ్లు, తిండి కంబర్లాండ్‌లోనే నింపుకోవాలి. ఈ భాగంలో ఫోన్ సిగ్నల్ కూడా వచ్చీపోతూ ఉంటుంది, మ్యాపు ముందే దించుకోండి.

156వ మైలు దగ్గర పాపా సొరంగం. పొడవు 3,118 అడుగులు. నది ఇక్కడ పాములా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలు తప్పించడానికి కొండను తొలిచారు. 1836లో మొదలైన పని 1850కి గానీ తెమల్లేదు. లోపలి కమానుకు పట్టిన ఇటుకలు సుమారు అరవై లక్షలు. గట్టు బాట సన్నం, ఒకవైపు ఇటుక గోడ, ఇంకోవైపు చెక్క కమ్మీ, కింద నీళ్లు. దిగి నడవాల్సిందే. తొక్కుదామని చూసినవాళ్ల సంచి గోడకు రాసుకుని, హ్యాండిల్ కమ్మీకి తగులుతుంది. నేల మీద గుంటలు, పైనుంచి నీటి బొట్లు. బండికి గోడ వైపు సంచి ఒకటి తీసి రెండోవైపు కట్టుకుంటే నడక సులువు. ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ చివర కొండచరియల మరమ్మతులకు అప్పుడప్పుడు సొరంగం మూస్తారు. అప్పుడు కొండ మీదుగా ఉన్న కాలిబాటే గతి, సామాను బండిని తోసుకుంటూ ఎక్కాలి, ఒక గంటైనా అదనం. బయల్దేరే ముందు పార్కు ప్రకటనలు చూడమనేది ముఖ్యంగా దీనికోసమే.

పాపా అన్నది ఒక చెట్టు పేరు. మన సీతాఫలం కుటుంబంలోదే. సెప్టెంబరులో గట్టున రాలిన కాయ పగిలి ఉంటే ఆ మెత్తని పసుపు గుజ్జు చూడగానే చుట్టరికం పోల్చుకోవచ్చు.

సొరంగం దాటగానే మైలు లోపే నాలుగు లాకులు. వాటి అంకెలు 66, 64 2/3, 63 1/3, 62. ఐదు కట్టాల్సినచోట నాలుగుతో సరిపెట్టి, పై లాకుల అంకెలు మార్చడం ఇష్టంలేక భిన్నాలు వేశారు. 65 లేదు. పొద్దుటి లెక్క ఇక్కడ కుదిరింది.

లిటిల్ ఓర్లియన్స్‌లో (140.9) ఫిఫ్టీన్ మైల్ క్రీక్ మకాం డబ్బు కట్టి బుక్ చేసుకునేది. ఉచితం కావాలంటే ఇంకో మైలున్నర దిగువన ఇండిగో నెక్ (139.2).

రెండో రోజు: లిటిల్ ఓర్లియన్స్ నుంచి విలియమ్స్‌పోర్ట్, 41.5 మైళ్లు

ఇక్కడ రెండు దారులు. పాత రైలుకట్ట మీద తారు వేసిన వెస్టర్న్ మేరీలాండ్ రైల్ ట్రెయిల్ గట్టుకు సమాంతరంగా బిగ్ పూల్ దాకా సుమారు 28 మైళ్లు వెళుతుంది. రాత్రి వాన పడితే ఆలోచించకుండా తారు ఎక్కండి. ఎండగా ఉంటే సైడ్‌లింగ్ హిల్ క్రీక్ అక్విడెక్టు, అంటే వాగు మీదుగా కాలవను దాటించే వంతెన (136.6), వరకు గట్టు మీదే వెళ్లి, అది చూశాక పియర్ అనే చోట తారు మీదకు మారొచ్చు. తారు మీద ఆదా అయిన గంటా గంటన్నర సాయంత్రం పనికొస్తాయి.

హాంకాక్ (124) ఈ రోజు ముఖ్యమైన ఊరు. కిరాణా, తిండి, సైకిల్ షాపు అన్నీ గట్టుకు ఆనుకునే ఉన్నాయి. బ్రేకు దిమ్మలు, చైను ఇక్కడే చూపించుకోవాలి. దీని తర్వాత బాట పక్కనే రిపేరు షాపు ఉంటుందన్న ధీమా పనికిరాదు.

ఫోర్ట్ ఫ్రెడరిక్ (112) 1756లో కట్టిన రాతి కోట. తర్వాత ఫోర్ లాక్స్: నది వంపును అడ్డంగా కోసేయడంతో నాలుగు మైళ్లు కలిసొచ్చాయి గానీ, ఆ దిగుడంతా అర మైలులో నాలుగు లాకులతో దించాల్సి వచ్చింది. ఈ దారిలో కొన్ని లాకు కాపరుల ఇళ్లను రాత్రి బసకు అద్దెకిస్తారు. ఇక్కడి 49వ లాకు ఇల్లు అందులో ఒకటి.

విలియమ్స్‌పోర్ట్‌లో (99.4) కానకోచీగ్ అక్విడెక్టు. వాగు మీదుగా కాలవే వంతెన ఎక్కి పోవడం కోనసీమలో గన్నవరం అక్విడెక్టు చూసినవాళ్లకు కొత్త కాదు. 1920లో ఈ అక్విడెక్టు గోడ తెగి ఒక పడవ వాగులో పడింది. ఆ గోడను చెక్కతో మళ్లీ కట్టి, 2019లో నీళ్లు వదిలారు.

మూడో రోజు: విలియమ్స్‌పోర్ట్ నుంచి హార్పర్స్ ఫెర్రీ, 38.7 మైళ్లు

అన్నిటికన్నా అందమైన రోజు ఇదే. 88 నుంచి 84 వరకు బిగ్ స్లాక్‌వాటర్. ఇక్కడ కాలవే లేదు. కింద ఆనకట్ట నిలబెట్టిన నదిలోనే పడవలు నడిచేవి, గట్టు బాట రాతిగోడకు అంటుకుని పోతుంది. చాలా ఏళ్లు పాడైపోయి రోడ్ల మీద చుట్టు తిరగాల్సి వచ్చేది. 2012లో కాంక్రీటుతో తిరిగి కట్టారు. నున్నగా ఉంది కదా అని వేగం పెంచకండి. మలుపుల్లో నది వైపు అడ్డు లేని చోట్లున్నాయి, తడి కాంక్రీటు మీద ఆకులుంటే చక్రం జారుతుంది. నదికి వరద వస్తే మొదట మునిగేవాటిలో ఇదొకటి.

75.7 దగ్గర గుహలు. అమెరికా అంతర్యుద్ధంలో 1862 సెప్టెంబరు 17న యాంటీటమ్ యుద్ధం జరిగినప్పుడు షార్ప్స్‌బర్గ్ జనం దాక్కున్నది ఈ గుహల్లోనే. యుద్ధభూమి చూడాలంటే గట్టు వదిలి కార్ల రోడ్డెక్కాలి, ఎత్తు కూడా ఉంటుంది. సగం రోజు మిగిలితేనే పెట్టుకోండి. భోజనానికి షెపర్డ్స్‌టౌన్ (72.7) మేలు. గట్టు నుంచి వంతెన స్థాయికి ఎక్కి నది దాటాలి, కాలేజీ ఊరు కాబట్టి మాంసం లేని వంటకాలు దొరుకుతాయి.

హార్పర్స్ ఫెర్రీ (60.7) అవతలి ఒడ్డున ఉంది. రైలు వంతెన పక్కన నడక దారి, దానికెక్కడానికి నిట్టనిలువు ఇనప మెట్లు. బండిని కింద తాళం వేసి పోవడమా, సంచులు విప్పి రెండు విడతలుగా మోయడమా అన్నది మీరే తేల్చుకోవాలి. ఊళ్లో గది ఉంటే మోయాల్సిందే. గుడారమైతే మెట్లకు రెండు మైళ్ల ఎగువనే ఉన్న హకిల్‌బెర్రీ హిల్‌లో (62.9) ఆగి, సాయంత్రం ఖాళీ బండితో రండి.

నాలుగో రోజు: హార్పర్స్ ఫెర్రీ నుంచి హార్స్‌పెన్ బ్రాంచ్, 34.6 మైళ్లు

మొదటి కొన్ని మైళ్లు అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కాలిబాట కూడా ఈ గట్టు మీదే నడుస్తుంది. బరువులు మోస్తూ వచ్చేవాళ్లకు గంట కొట్టి దారి అడగండి. బ్రన్స్‌విక్‌లో (55) తిండి, నీళ్లు నింపుకోవాలి. ఆ తర్వాత రేపు గ్రేట్ ఫాల్స్ దాకా గట్టు మీద గట్టి భోజనం దొరకదనే అనుకోండి.

42.2 దగ్గర మొనోకసీ అక్విడెక్టు, ఈ కాలవ మీది పదకొండింటిలో అన్నిటికన్నా పెద్దది. 516 అడుగులు, ఏడు కమానులు, 1833లో పూర్తయింది. పైనుంచి నడిచిపోతే దాని గొప్పతనం తెలియదు. పక్కనున్న పడవల రేవులోకి దిగి నది వైపు నుంచి చూడండి. ఇక వైట్స్ ఫెర్రీ (35.5): వర్జీనియా వైపుకు పడవ దాటించే పాత రేవు. 2020 డిసెంబరులో సర్వీసు ఆగింది. పాత గైడుల్లో చూసి అవతలి ఒడ్డుకు పోవచ్చని పథకం వేసుకుంటే ఇరుక్కుపోతారు. హార్స్‌పెన్ (26.1) మకాంకు చేరేముందే నీళ్ల సంచి నింపి ఉంచుకోవడం క్షేమం.

ఐదో రోజు: జార్జ్‌టౌన్, 26.1 మైళ్లు

శని, ఆదివారాలైతే జనం పెరగకముందే, పొద్దున ఎనిమిదింటికల్లా గ్రేట్ ఫాల్స్ దాటేయాలి. సెనెకా దగ్గర (22.8) లాకూ అక్విడెక్టూ ఒకే ఎర్రరాతి కట్టడం. ఆ రాయే వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియాల సంస్థ కోటకూ వాడారు. గ్రేట్ ఫాల్స్‌లో (14.3) జలపాతం చూడాలంటే బండి బయటే తాళం వేయాలి, చెక్కబాట మీదకు సైకిళ్లు రానివ్వరు. అక్కడి నుంచి 20 నుంచి 15 దాకా లాకులు మెట్లలా దిగుతాయి. నాలుగు రోజుల్లో మొదటిసారి బ్రేకు పట్టాల్సిన వాలు, సరిగ్గా అక్కడే పిల్లల బళ్లు, కుక్కల గొలుసులు. దాని దిగువన వైడ్‌వాటర్ దగ్గర రాళ్లు తేలి ఉంటాయి, దిగి నడిస్తే నామోషీ లేదు.

చివరి మూడు మైళ్లకు ఫ్లెచర్స్ కోవ్ దగ్గర పక్కనే ఉన్న తారు బాట, క్యాపిటల్ క్రెసెంట్ ట్రెయిల్, ఎక్కండి. ఊళ్లో గట్టు ఇరుకు, మెట్లు, వీధులు అడ్డం. ఆ తారు బాట వాటర్ స్ట్రీట్‌లో దింపుతుంది. నది వెంబడే పోతే థామ్సన్ బోట్ సెంటర్. దాని వెనక్కి తిరిగితేనే సున్నా మైలురాయి కనిపిస్తుంది. పక్కనే కాలవ నదిలో కలిసే టైడ్ లాక్. ఎగువ నుంచి బొగ్గు పడవ ఇక్కడికి రావడానికి ఇంచుమించు వారం పట్టేది.

ఇక్కడి నుంచి ఫాగీ బాటమ్ మెట్రో మైలు కూడా లేదు. మెట్రో సిల్వర్ లైన్ 2022 నవంబరు నుంచి వర్జీనియాలోని ఆష్‌బర్న్ దాకా వెళుతోంది కనుక, అక్కడ ఇళ్లున్న మన తెలుగువాళ్లు రైలు మారకుండా చేరొచ్చు. సైకిళ్లను ఏ వేళైనా ఎక్కనిస్తారు. కిందకు దిగడానికి లిఫ్టే వాడాలి, కదిలే మెట్ల మీద కుదరదు. పెట్టె మధ్య తలుపు కాకుండా చివరి తలుపులోంచి ఎక్కాలి. ఎక్కే ముందు సంచుల అడుగున ఎండిన బురద దులిపేయండి, పెచ్చులుగా ఊడి పక్కవాళ్ల బూట్ల మీద పడుతుంది.